మొదటి ముప్ఫై వంతులు

పదకొండో దుప్పటి మీద ఇస్త్రీ యంత్రపు మూత దించింది నిదానం. పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో అదే యంత్రం, ఎడమచేతికి అదే తొడుగు. బొటనవేలి దగ్గర కాలి, రెండుసార్లు మాసిక పడింది. అసలు పేరు హాజరుపట్టీలో ఉందిగానీ, అందరికీ ఆమె నిదానమే. ఆ పేరు పెట్టింది పక్క యంత్రం మీద పనిచేసే పెద్ద ఆడపడుచు, ఆమె వదిన.

ఇవాళే ఆఖరి రోజు. నలభై ఒకటో ఏట, ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే చదువుకని సాయంత్రం రైలుకు వేరే ఊరు వెళ్తోంది. పదో తరగతి గట్టెక్కడానికే మూడేళ్లు పట్టింది. "ఈ వయసులో బడేంటే?" అని వదిన ఆటపట్టించని రోజు లేదు.

భోజనాల గంట కొట్టగానే ఇద్దరూ మూలనున్న పాత కంప్యూటర్ ముందు చేరారు. రాజ్యాలు కట్టుకునే ఆట. రోజుకు చెరో వంతు చొప్పున పదకొండు నెలలుగా ఆడుతున్నారు. మొదటి ముప్ఫై వంతులూ వదిన సైనికుల్నే తయారుచేసి, రెండు ఊళ్లు లాగేసుకుంది. నిదానం మాత్రం ధాన్యపు కొట్టు, కాలువ, బడి అంటూ కూర్చుంది. ఇప్పుడామెకు మిగిలింది రాజధాని ఒక్కటే. ఇవాళ అదీ పోతే, తను నమ్ముకున్న పద్ధతే వట్టిదని తేలిపోతుంది. అదే ఆమె భయం.

"కాచుకో పిల్లా, ఇవాళ్టితో నీ పని సరి!" వదిన పదహారు దళాల్నీ ఒక్కసారే కోట మీదికి తోలింది.

గోడ సగం కూలింది. కోట మాత్రం పడలేదు. లోపల తిండికి కొదవ లేదు, బళ్లలో చదివినవాళ్లు చేసిన ఫిరంగులున్నాయి. వదినవాళ్లవి ఇంకా ఈటెలే. పదహారింట్లో మూడు దళాలు మిగిలాయి.

"ఈ ఫిరంగులెప్పుడు చేశావే?"

"మొదట్లోనే మొదలుపెట్టాను వదినా. నిన్నటికి అయ్యాయి."

"సరే, కొట్టు మరి. నీ వంతేగా."

"ముందు గోడ కట్టుకుంటాను."

సాయంత్రం స్టేషన్లో వదిన సంచి అందించింది. "మా తమ్ముడి సంగతి నేను చూసుకుంటాగానీ, నువ్వు పరీక్ష తప్పి వచ్చావో, ఇంట్లోకి రానివ్వను" అంది. కళ్లు తుడుచుకుంటూనే అంది.

మర్నాడు భోజనాల వేళ వదిన ఒక్కతే కూర్చుని కొత్త ఆట తెరిచింది. పక్క కుర్చీ చూస్తే దిగులేసింది. అలవాటుగా సైనికుడి బొమ్మ మీదికి పోయిన చెయ్యి ఆగి, ధాన్యపు కొట్టు నొక్కింది. పది వంతులు పడుతుందని చూపించింది తెర. పడనీ, అనుకుంది. ఇస్త్రీ యంత్రం పక్కన మేకుకు, బొటనవేలి దగ్గర రెండు మాసికలతో, ఎడమచేతి తొడుగు వేలాడుతోంది.