మూడంగుళాల మడత

పిల్లల బట్టలు కుట్టేవాడికి ఓపిక ఉండాలంటారు. నాకు లేదు. కుదురుగా నిలబడని పిల్లాణ్ణి కసురుతాను, సలహాలిచ్చే తల్లిని బయట కూర్చోమంటాను. అయినా గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఈ మొహిద్దీన్ బాషా దుకాణానికి జనం వస్తూనే ఉంటారు. కారణం నేవీ డ్రెస్. వీపు మీదికి వాలే చదరపు కాలరు, దాని అంచున మూడు నీలి గీతలు, మెడలో ముడి వేసిన రుమాలు, కింద తెల్ల ప్యాంటు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మార్కాపురంలో ఉన్న ఒక అమెరికా దొరసాని తన పిల్లలకు ఇలాంటివే కుట్టించేదట. ఆమె తెప్పించిన కాగితం నమూనా మా తాత దగ్గర ఉండిపోయింది. సముద్రం మొహం చూడని మా ఊళ్లో పిల్లల పుట్టినరోజుకు ఇప్పటికీ అదే కావాలంటారు.

ఏ పిల్లాడికి కుట్టినా ప్యాంటు అంచున, చేతుల చివర లోపలికి మడత వదులుతాను. పెరిగేకొద్దీ విప్పుకోవచ్చు. మా వీధిలోని అంజలి కొడుకు హరికృష్ణకు ఐదో పుట్టినరోజుకు కుట్టినప్పుడు మూడంగుళాలు వదిలాను.

"అంత మడతెందుకు మామా, లావుగా కనపడతాది" అంది అంజలి.

"పెరిగే పిల్లోడమ్మా. రెండేళ్లు నా దుకాణం మెట్టెక్కే పని లేదు నీకు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ వానాకాలంలోనే పిల్లాడికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి పోయాడు. ఆమెకు ఒక్కడే బిడ్డ.

మరుసటి ఏడు వాడి పుట్టినరోజుకు వారం ముందు అంజలి ఆ డ్రెస్ పట్టుకుని వచ్చింది. చేతిలో ముడి వేసిన దారం. పిల్లల్ని తీసుకురాలేనివాళ్లు అట్లా దారంతో కొలత తెస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మండలేదు.

"ఇంతవరకు మడత విప్పియ్యి మామా" అంది.

"కొలత ఎవరిదమ్మా?"

"పక్కింటి సల్మాన్‌ది. వాడికీ మావాడికీ నెలే తేడా. గోడకు నిలబెట్టి కొలిచినా."

అంగుళమున్నర విప్పి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. మరో ఏడాదికి మళ్లీ వచ్చింది, మిగతాదీ విప్పాను.

"నువ్వు చేసేది మంచి కాదు. ఆ తల్లి మనసు కుదుటపడనియ్యవా?" అని మా ఆవిడ హాజిరా నిలదీసింది. ఆమె మీద అరిచాను. నిజానికి ఆమె చెప్పిందే సరి. అంజలిని కాదనే ధైర్యం నాకు లేకపోయింది, అంతే.

ఈ ఏడు కూడా అంజలి వచ్చింది. దారం ఇంకా పొడుగైంది. ప్యాంటు అంచు తిరగేసి చూపించాను.

"గుడ్డ అయిపోయిందమ్మా."

"అతుకెయ్యి."

వెయ్యగలను. నీలి పట్టీ వేస్తే అతుకని ఎవరికీ తెలియదు. ఈ ఏడు పట్టీ వేస్తే వచ్చే ఏడు ఇంకోటి వెయ్యాలి. కత్తెర పట్టుకున్నాను, మళ్లీ బల్ల మీద పెట్టేశాను.

"ఏంది మామా, ఆగితివి?" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఇంక వాడు పెరగడా?"

ఆమె ముందు ఆ మాట ఎవరం ఎత్తలేదు. మొగుడు వీరేంద్ర కూడా. అందరం తప్పించుకు తిరిగాం.

"పెరగడు తల్లీ" అన్నాను.

అంజలి గడప మీద కూలబడి, దారిన పోయేవాళ్లు ఆగి చూసేంతగా ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. మా హాజిరా మంచినీళ్లు తెచ్చి పక్కనే కూర్చుంది.

ఎంతసేపటికో అంజలి కొంగుతో మొహం తుడుచుకుంది. చేతిలోని దారం ముడి విప్పి పక్కన పెట్టింది.

"విప్పిందంతా మళ్లీ లోపలికి మడిచియ్యి మామా. సల్మాన్ కొలత నాకెందుకు? మావాడు ఎంతుండెనో అంతే ఉండనీ."

టేపు తీయలేదు. మొదటి మడత గీత ఇంకా గుడ్డ మీద కనిపిస్తూనే ఉంది. దాని వెంటే కుట్టాను. ప్యాంటు మళ్లీ ఐదేళ్ల పిల్లాడిదైంది. అంజలి దాన్ని తన నడుముకు ఆనించి చూసుకుంది.

"ఇంతే ఉండె" అంది.