పన్నెండున్నరకు పాట

మూడో చరణం అందుకోబోతుండగా లోసలీన్ గుమ్మంలోకొచ్చి, చేయెత్తి పాట ఆపింది.

గదిలోని గొంతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. మంచం మీద కెలేపి చేయి మాత్రం ఆగలేదు. దుప్పటి మీద రెండు వేళ్ళు లేచి, వాలి, మళ్ళీ లేచి, పోయిన తాళం కోసం వెతికాయి. మాంగెరె పేటలోని చర్చిలో ముప్ఫై ఏళ్ళపాటు బృందగానం నడిపించిన చేయి అది. పగలంతా మాంసం ఫ్యాక్టరీ చలిగదిలో గొర్రెలను మోసి, సాయంత్రమైతే పాటను మోసేది. కిడ్నీలు పోయాక కెలేపి కొన్నేళ్ళు యంత్రం మీద బతికాడు. ఇక చాలన్నాడు. చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే ఒక సంస్థవారి ఈ గృహానికి అతను వచ్చింది బతకడానికి కాదు; ఆ సంగతి అతనికీ తెలుసు, తమ ఆచారం ప్రకారం మర్యాదగా నడుముకు చాపలు చుట్టుకుని అతని చుట్టూ నిలబడ్డ తోంగా దీవుల జనానికీ తెలుసు.

"ఏమైందే అమ్మాయ్?" భర్త పాదాల దగ్గర నుంచి లేవకుండానే అడిగింది పిసిలా.

"అత్తా, గోడవతల హాల్లో దాతల సభ మొదలైంది. మైకులో మాటలు వినపడట్లేదంట. ఒక్క గంట ఆగండి. పన్నెండున్నరకు ఎలాగూ అక్కడ మన పాటే కదా. అదవగానే ఇక్కడికొచ్చి చీకటి పడేదాకా పాడుకోండి. నాదీ పూచీ."

"మావయ్యని కూడా ఓ మాట అడుగు. గంట ఆగుతాడేమో!" అన్నాడు ఫెలేటి. అతనూ ఫ్యాక్టరీ మనిషే, బృందంలో పైగొంతు అతనిదే.

కెలేపి కళ్ళు తెరవకుండానే పెదవి కదిపాడు. "ఆగుతాన్లేరా. నువ్వు శ్రుతిలో పాడేది వినాలంటే ఇంకో వందేళ్ళాగాలి."

గది ఘొల్లుమంది. పిసిలా వట్టి చేత్తో కళ్ళొత్తుకుంటూనే నవ్వింది. తరువాత నవ్వు తగ్గింది. "ఈయనేమడిగాడో తెలుసుగా నీకు? ఊపిరాగేదాకా పాట ఆగకూడదన్నాడు. ఎంతమంది మంచాల పక్కన నిలబడి పాడిన మనిషి! తనకడిగింది అదొక్కటే."

"తెలుసత్తా. ఒక్క గంటే."

పిసిలా ఆమె ముఖంలోకి చూసింది. "సరే. కూర్చోండర్రా," అంది.

లోసలీన్ తలుపు మెల్లగా దగ్గరకు వేసింది. ఆ సంస్థలో వైవిధ్య, సమ్మిళిత విభాగానికి ఆమె అధిపతి. ఆ పదవి పేరు తోంగా భాషలో చెప్పడం ఆమె తల్లికి చేతకాక, "మనవాళ్ళను లోపలికి రానిచ్చే ఉద్యోగం" అని చర్చి అంతా చెప్పుకుంది. ఆ మాట అబద్ధమూ కాదు. రోగి దగ్గర ఇద్దరికి మించి ఉండరాదన్న నియమాన్ని లోసలీన్ మూడేళ్ళు పోరాడి తీసేయించింది. నేల మీద చాప పరవనిచ్చారు, పిల్లలను రానిచ్చారు. ఈ ఉదయం అంతమంది ఒకే గదిలో నిలబడగలిగారంటే అది ఆమె చలవే. గంటకు ఇరవై మూడు డాలర్ల కూలి వదులుకుని వాళ్ళు వచ్చింది కెలేపి కోసమైతే, దాతల ముందు పాడడానికి ఒప్పుకున్నది లోసలీన్ కోసం.

హాలు గుమ్మంలో సంస్థ నిర్వాహకురాలు, తెల్లావిడ మార్గో ఎదురొచ్చి ఆమె భుజం నొక్కింది. "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. నేనైతే వాళ్ళకెలా చెప్పేదాన్నో!" ఆ మాటలో కపటం లేదు. మార్గో మంచి మనిషి.

లోసలీన్ ప్రసంగం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో ఎవరినీ వారి ఆచారాన్ని గుమ్మం బయట విడిచి రమ్మని అడగబోమని చెప్పింది. చప్పట్లు కొట్టారు. వారం రోజులు కూర్చుని కూర్చిన వాక్యాలవి. ఒక్కొక్కటీ నదిలోకి వదిలిన దీపంలా నిలకడగా సాగిపోతోంది. మధ్యలో తలెత్తి చూస్తే, అద్దాల తలుపు అవతల ఫెలేటి నిలబడి ఉన్నాడు. పిలవలేదు, చేయి ఊపలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే.

ఆమెకు అర్థమైంది. చదవవలసినవి ఇంకా రెండు పేరాలు మిగిలాయి.

ఆమె చదివింది.

గదిలోకి అడుగు పెట్టేసరికి పిసిలా భర్త గడ్డం కింద గుడ్డ కడుతోంది. ఏడుపులు లేవు. అంతమంది ఉన్న గదిలో ఆ ముడి బిగిసిన చప్పుడు వినబడింది.

"అత్తా..."

"వేళ్ళాడించాడే, లోసలీన్." పిసిలా గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "పాడమని ఆడించాడు. అందరం గోడ గడియారం కేసి చూశాం. నువ్వు చెప్పిన గంట ఇంకా అవలేదు."

పిసిలా భర్త వేళ్ళను దుప్పటి మీద చాపి పెట్టింది.

"ఆ తెల్లావిడొచ్చి ఆపమనుంటే, మా ఫెలేటి ఇంకో మెట్టు పైకెక్కి అందుకునేవాడు. చెప్పింది నువ్వు. మన పిల్ల, మన మంచికే చెప్తుందనుకున్నాం." ముడి సరిచేసి, దుప్పటి మడత దిద్దింది. "నిన్నందుకే పెట్టుకున్నారేమోనే, తల్లీ."

లోసలీన్ గోడకు ఆనుకుంది. మూడేళ్ళుగా తాను తెచ్చిన ప్రతి అనుమతి వెనకా ఒక కాదనడం నడిచి వచ్చింది. చాప పరచుకోండి, కానీ నడవాలో వద్దు. పిల్లలను తీసుకురండి, కానీ గట్టిగా నవ్వనివ్వకండి. వాటిని ఇంతదాకా మోసుకొచ్చింది తనే. తన నోట పడి, అవి ఇంటి మాటల్లా మెత్తబడ్డాయి.

తలుపు దగ్గర అలికిడైంది. మార్గో లోపలికి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. లోసలీన్‌ను నడవాలోకి పిలిచింది.

"ఎలా అడగాలో తెలియట్లేదు. ఒక్క పాట చాలు, లోసలీన్. ఆయన గుర్తుగానే పాడమను. కొత్త గదులకు డబ్బిచ్చేవాళ్ళంతా ఇవాళ ఇక్కడే ఉన్నారు. ఆ గదులు మీవాళ్ళకే కదా. నువ్వడిగితే కాదనరు."

"అవును. కాదనరు."

"మరి?"

"అందుకే అడగను."

మార్గో హాలు వైపు చూసింది. "పోనీ, నేను వెళ్ళి అడగనా?"

"అడగండి. మీ నోటితోనే అడగండి."

మార్గో తలుపు వైపు ఒక అడుగు వేసింది. మంచం, మంచం పక్కన వంగిన వీపు, చాపలు చుట్టుకుని నిలబడ్డ పెద్ద పెద్ద మనుషులు కనబడ్డారు. వేసిన అడుగు అక్కడే ఆగింది. అవతల హాల్లో ఎవరో మైకు అందుకుని బృందం పేరు ప్రకటించారు. స్వాగతంగా చప్పట్లు లేచాయి. కాసేపు ఎదురు చూశాయి. పలచబడి, అక్కడక్కడ మిగిలి, అణగిపోయాయి.

లోసలీన్ గదిలోకి వెళ్ళి చాప అంచున నిలబడింది. పిసిలా తల తిప్పి చూసింది. పక్కకు జరిగి చోటివ్వలేదు. పొమ్మనీ అనలేదు.