తళతళలాడిన ఇంజను

ఒక మోడల్ ఇంజన్ల మీద పైనుంచి ఆర్డరొచ్చింది. ఆ మోడల్ ఇంజన్లన్నింటికీ ఆయిల్ దారిలో ఉండే అయస్కాంతపు బిరడా విప్పి చూడాలి, దానికి ఇనుప రజను అంటుకొని ఉంటే ఇంజను లోపల అరుగుతున్నట్టే, విమానం కదలకూడదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అంతకుముందు నా చెవిన పడింది మా ఇంజినీరు భూషణం సార్ మాట ఒక్కటే.

"సదానందం, మధ్యాహ్నం గవర్నమెంటు ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ బిరడా విప్పి రెడీగా పెట్టు. అన్నీ తళతళలాడాలి, అర్థమైందా?"

అర్థం కాకేం? జెద్దా హ్యాంగర్లో ఏడేళ్లుగా హెల్పర్ని. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మేం తుడుస్తాం. నేల, నిచ్చెన, స్పానర్లు, కంటికి కనబడిందల్లా. బిరడా విప్పితే సన్నటి రజను మీసంలా పట్టుకొని ఉంది. ఛీ, మురికి అనుకొని, అద్దంలా తుడిచి ట్రేలో పెట్టాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, చూశాడు, బాగుందన్నాడు. నాలుగు కాపీల మీద సంతకాలు, ముద్రలు! ఏం చూడాలో ఆ బిరడా విప్పేవాడికి ఓ ముక్క చెబుదామన్న బుద్ధి మాత్రం ఇంతమంది పెద్దల్లో ఒక్కరికీ పుట్టలేదు.

టీ తాగేటప్పుడు మెకానిక్ ఇమ్రాన్ ఆర్డరు సంగతి చెప్పాడు. నేను తుడిచింది మురికి కాదన్నమాట. సాయంత్రం అదే విమానం హైదరాబాద్ పోతుంది. విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలున్న నా భార్య స్వర్ణ అందులోనే ఇంటికి పోతోంది.

భూషణం సార్ దగ్గరికి ఉరికాను.

"సార్, రజనుండె. తెల్వక నేనే తుడిచిన."

ఆయన కంప్యూటర్ మీంచి కళ్లు తీయలేదు. "పేపరు సైన్ అయిపోయిందయ్యా. మళ్లీ ఓపెన్ చేస్తే నా లైసెన్సు మీదకొస్తుంది. అయినా హెల్పర్ రిపోర్ట్ చేయడానికి ఫారమే లేదు."

"నా భార్య అండ్లనే పోతది సార్."

"అయితే ఆవిడకి ఫోన్ చేసి ఎక్కొద్దని చెప్పు."

ఒళ్లు మండిపోయింది. అయినా ఫోన్ తీశాను, అబద్ధమెందుకు? స్వర్ణ పేరు మీద వేలు కూడా పెట్టాను. పెట్టి, మళ్లీ జేబులో వేసుకున్నాను.

బయట ఇన్‌స్పెక్టరు అప్పుడే కారెక్కుతున్నాడు. అడ్డంగా నిలబడ్డాను. ఏడేళ్లలో నేర్చిన అరబ్బీ పది ముక్కలు కూడా ఉండదు. "జైత్‌లో హదీద్" అన్నాను, నూనెలో ఇనుము అని. తుడిచినట్టు చేత్తో చూపించి, తుడిచింది నేనేనని గుండె మీద కొట్టుకున్నాను. ముందు విసుక్కున్నాడు. తర్వాత కారు దిగాడు.

ఇంజను అరగంట తిప్పించి, బిరడా మళ్లీ విప్పించాడు. ఈసారి నన్ను ముట్టుకోనివ్వలేదు. రజను మళ్లీ పట్టుకొనే ఉంది. విమానం ఆగిపోయింది. అనుమతి లేకుండా తుడిచానని భూషణం సార్ నా మీద వార్నింగ్ రాశాడు. దానికి మాత్రం ఫారం దొరికింది!

బోర్డింగ్ గేటు దగ్గర్నుంచి స్వర్ణ ఫోన్ చేసింది.

"ఎంతసేపాయె మమ్ముల గీడ కూసోవెట్టి. ఇంజన్ ఖరాబట. మీ కాడ పనులు గిట్లనే ఉంటయా?"

జరిగిందంతా చెప్పాను.

"గంత తెలిసి, ముందుగాల నాకెందుకు చెప్పలే?" అంది.

"నీకు చెప్తే నువ్వు ఆగిపోదువు స్వర్ణా," అన్నాను. "ఇగ నేను గా ఇన్‌స్పెక్టర్ సాబ్ కాడికి పోకపోదును."