వదిన కంప్యూటర్లో పది గంటలు

నాకు ముక్కు మీదే కోపం. ఇంట్లో అందరూ నన్ను చిటపట అనే పిలుస్తారు. అలాంటిదాన్ని తీసుకెళ్లి ఒక కంపెనీ హెల్ప్‌డెస్కులో కూర్చోబెట్టారు. రోజంతా "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్" అని తియ్యగా చెప్పి చెప్పి, మిగిలిన చిరాకంతా ఇంటివాళ్ల మీద చూపిస్తాను. ఆ రోజు పొద్దున్నే ఫోన్లో దొరికిపోయింది మా వదిన.

"చిటపటా, వీపీఎన్ కనెక్ట్ అవడం లేదే! ఎర్రగా ఏదో వచ్చి పోతోంది."

పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన వదినకి ఎనిమిదేళ్ల తర్వాత దొరికిన అవకాశం అది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, రిపోర్టులు టైపు చేసే పని. ఇంటినుంచే. ఆ రోజు పదింటికి పరీక్ష. పదికల్లా వీపీఎన్ అనే ప్రత్యేక దారిలో ఆ కంపెనీ కంప్యూటర్లలోకి లాగిన్ కాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే రాసి పంపారు. దీనికోసం ఆరు నెలలుగా మందుడబ్బాల్లో వచ్చే కాగితాలు ముందేసుకుని టైపింగు సాధన చేసింది. అన్నయ్య రెండుసార్లు తుమ్మితే చాలు, "అలర్జిక్ రైనైటిస్" అని తేల్చేసేది.

ఫోను పట్టుకుని మా ఆఫీసు మెట్ల మీదికి పరిగెత్తాను.

"నెట్ వస్తోందా?"

"వస్తోంది. వాతావరణం కూడా చూపిస్తోంది."

"పాస్‌వర్డు పెద్దక్షరాల్లో పడుతోందేమో చూడు."

"నేనేం చిన్నపిల్లనా? చూసే కొట్టాను."

"ఒకసారి ఆపి మళ్లీ..."

"రెండుసార్లు ఆపాను. ఆ మాట నాకు చెప్పకు."

ఎర్రగా వచ్చింది చదవమన్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "అథెంటికేషన్ ఫెయిల్డ్" అని చదివింది. అంటే దారి బాగానే ఉంది, వాకిట్లో నిలబెట్టి నువ్వెవరో నాకు తెలియదంటోంది. పాస్‌వర్డు తర్వాత ఆరంకెల కోడ్ ఒకటి కొట్టాలి. దాన్ని ఆ కంప్యూటర్లోనే ఉన్న చిన్న ప్రోగ్రాం అర నిమిషానికొకటి చొప్పున ఇస్తుంది. వదిన ఆ కోడ్ నాలుగుసార్లు కొట్టింది, నాలుగుసార్లూ తప్పంది. ఐదోసారి తప్పితే ఖాతాకి తాళం పడుతుంది.

"ఆగాగు! ఇంక దేన్నీ ముట్టుకోకు!" అని అరిచాను. మెట్లెక్కుతున్న అకౌంటెంటు గారు ఉలిక్కిపడి రెయిలింగు పట్టుకున్నారు.

అవతల వదిన ముక్కు ఎగబీల్చింది.

"వదిలేయ్‌లే. అయిపోయింది. పది దాటి రెండు నిమిషాలైంది."

నాకేం అర్థం కాలేదు. చెవి దగ్గర్నుంచి ఫోను తీసి చూశాను. తొమ్మిదీ నలభై ఏడు.

"ఎక్కడ చూశావు టైము?"

"కంప్యూటర్లోనే. కింద మూలన."

అప్పుడు వెలిగింది. మా అన్నయ్య ఇంట్లో గోడకొక గడియారం, గడియారానికొక టైము. అన్నీ అన్నయ్య ముందుకు తిప్పిపెట్టినవే. వాటి సంగతి వదినకి తెలుసు, మనసులోనే లెక్కవేసుకుని బతుకుతోంది. కంప్యూటర్ని కూడా వదలడని మాత్రం అనుకోలేదు పాపం. గడియారం చూసుకుని కోడ్ తయారుచేసే ప్రోగ్రాం, పావుగంట తర్వాత రావలసిన అంకెల్ని ఇప్పుడే ఇస్తూ కూర్చుంది.

"స్పీకర్ పెట్టు. అన్నయ్యని పిలు."

పక్కగదిలో పిల్లల నోళ్లు మూయిస్తున్న అన్నయ్య వచ్చాడు.

"కంప్యూటర్ టైము నువ్వు మార్చావా?"

"నిన్న సాయంత్రం పదిహేను నిమిషాలు ముందుకు జరిపా. ఏం?"

"ఏమిటా? నీ పుణ్యమా అని..."

"అది కాదే. పరీక్షకి ఎక్కడ ఆలస్యమవుతుందోనని తనకి మూడురోజులుగా నిద్ర లేదు. పది దాటిందని భయపడి చూసుకుంటే ఇంకా పావుగంట ఉండాలి, ఊపిరి పీల్చుకోవాలి అనుకున్నా."

ఇంత మంచివాణ్ణి ఎలా తిట్టాలో నాకు తెలియలేదు. అవతల వదిన ముక్కు ఎగబీలుస్తూనే నవ్వుతోంది.

"మొగుడివా, టైంపీసువా?" అంది.

సెట్టింగుల్లోకి వెళ్లమన్నాను. టైము దానంతటదే సరిచేసుకునే మీట ఆన్ చేయించాను. తొమ్మిదీ యాభై ఒకటి అయింది. కోడ్ ప్రోగ్రాం మూయించి మళ్లీ తెరిపించాను.

"వదినా, కొత్త కోడ్ వచ్చేదాకా ఆగు. వచ్చాక ఒకసారి పైకి చదివి కొట్టు."

ఆరంకెలూ చదివింది. ఆమె వెనక అన్నయ్య కూడా గొణుగుతూ చదివాడు. కీబోర్డు టకటకమంది.

"ఏమైంది? మాట్లాడవేం? వదినా!"

"పచ్చగా వచ్చింది," అంది మెల్లగా.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లుగా ఎంతమందికి వీపీఎన్ కలిపానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎలా చేయాలో, కంగారుపడితే ఏం చేయాలో, అవతలివాళ్లతో ఏం మాట్లాడాలో అన్నీ ఒక్కసారే చెప్పెయ్యాలనిపించింది.

"వదినా, ముందు వాళ్లకి నమస్కారం చెప్పి, తర్వాత హెడ్‌ఫోన్..."

"కంపెనీవాళ్లు పిలుస్తున్నారే. నాకు పనుంది, పెట్టేస్తున్నా."

ఫోను టక్కున ఆగిపోయింది. ఈ ఎనిమిదేళ్లలో మాలో ఎవరు ఎప్పుడు ఫోన్ చేసినా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, వదిన మా మాట అయ్యేదాకా వినేది. పనుందని పెట్టేయడం అదే మొదటిసారి.