డెల్మర్ అడగని బిరడా

ఆరిన్‌ను పూడ్చిపెట్టి వారమైనా కాలేదు, తమ్ముడు డెల్మర్ వచ్చి పడవను తన బండికి తగిలించుకుపోయాడు. "అన్నయ్య నాకిస్తానన్నాడు" అన్నాడు. ఎప్పుడన్నాడో, ఎవరితో అన్నాడో ఆ పైవాడికే తెలియాలి. ఆరిన్ భార్య అర్డిత్‌కు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పెళ్లయిన దగ్గర్నుంచీ మొగుడి పక్కన కూర్చుని చేపలు పట్టిన పడవ అది.

మంచు కరిగాక మొగుడి కోటు దులుపుతుంటే జేబులో పడవ బిరడా దొరికింది. ఆ ప్రాంతంలో పడవను రోడ్డెక్కించాలంటే, లోపలి నీళ్లు కారిపోయేలా అడుగున కంతకున్న బిరడా తీసెయ్యాలి. ఒక చెరువులోని పురుగూ పుట్రా ఇంకో చెరువుకు చేరకూడదని చట్టం. ఆరిన్ తీసి జేబులో వేసుకునేవాడు, మళ్లీ నీళ్లలోకి దించేముందు తనే బిగించేవాడు. డెల్మర్ ఏనాడూ వంగి చూసిన పాపాన పోలేదు. ఎక్కి కూర్చోవడమొక్కటే వాడికి తెలుసు.

అర్డిత్ ఆ రోజే జలాశయం ఒడ్డున గుడారాలకు చోటు బుక్ చేసింది.

"బాబాయిని కూడా పిలుస్తున్నావా?" కూతురు క్యారిన్ నోరెళ్లబెట్టింది.

"పిలవకపోతే ఎలా? పడవ వాడి దగ్గరే ఉందిగా."

"అమ్మా, నీ మొహం చూస్తే భయమేస్తోంది."

"భయమెందుకే? బంగాళదుంపలు ఎన్ని తేవాలో చెప్పు."

గాలికి అడ్డుగా చెట్లున్న మంచి చోటు డెల్మర్ కుటుంబానికే ఇచ్చింది. అతనికిష్టమైన, బంగాళదుంప కూరి ఉడికించే పిరోగీలు కూడా చేసి పట్టుకెళ్లింది. బలిచ్చే మేకను ఎవరైనా పస్తులుంచుతారా?

జులై సెలవుల్లో రేవంతా జనం. డెల్మర్ దర్జాగా పడవ దించి ఎక్కాడు. అర్డిత్ మడత కుర్చీలో కాఫీ తాగుతూ చూసింది.

"వదినా, లోపలికి నీళ్లొస్తున్నాయి."

"రాక ఏం చేస్తాయి? బిరడా పెట్టావా?"

డెల్మర్ మొహం పాలిపోయింది. "ఎక్కడుందది?"

"పడవ ఇస్తానన్నాడుగా మీ అన్నయ్య. ఆయన్నే అడుగు."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. డెల్మర్ నడుములోతు నీళ్లలోకి దూకి, కుంగిపోతున్న పడవను పట్టుకుని పెనుగులాడాడు.

"మోటారు పాడైపోతుంది వదినా. నీ దగ్గరుంటే ఇచ్చెయ్."

"పడవ ఎవరిది? అందరికీ వినపడేలా చెప్పు."

"నీదే."

"అన్నయ్య ఇస్తానన్నాడా?"

డెల్మర్ పెళ్లాంబిడ్డల వైపు చూసి తలదించుకున్నాడు. "అనలేదు."

పడవను పైకి లాగించి, నీళ్లన్నీ కారిపోయేదాకా ఆగి, అర్డిత్ తన చేతులతోనే బిరడా బిగించింది. ఒక్కతే ఎక్కి పోనిచ్చింది. కడుపులో మంట చల్లారింది, అబద్ధమెందుకు.

ఆరిన్ బతికుంటే తమ్ముణ్ణి అంతమందిలో అలా నిలబెట్టనిచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "నీ మంచితనం చూసుకునేగా వీడు ఇంతకు తెగించాడు" అని చచ్చిపోయిన మొగుణ్ణి మొదటిసారి నోరారా తిట్టి, అర్డిత్ మోటారు వేగం పెంచింది.