చింతపండు గది

“అమ్మి బయట చేరింది” అని మా అత్తయ్య సింహాచలమ్మ హాల్లో నిలబడి ఇల్లంతటికీ చెప్పే మాట కోసం నేను నెలంతా ఎదురుచూసేదాన్నంటే ఎవరైనా నవ్విపోతారు. నవ్వితే నవ్వనీ. ఆ మాట అయిన మరుక్షణం నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని పెరటివైపు గదిలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఇక మూడు రోజులు నన్ను పిలిచేవాళ్ళు లేరు.

మొదట్లో అలా లేదు. నేను సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. నెలసరి రోజుల్లో మా అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టేది కాదు, అంతవరకే. వండేది, వడ్డించేది, మా పక్కనే పడుకునేది. రాయగడలో ఈ టోకు కిరాణా ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే చింతపండు బస్తాలు వేసే గదిలో నాకు చాప, విడిగా కంచం, గ్లాసు చూపించారు. ముందు రోజు దాకా నా వెనకే తిరిగిన మా ఆయన గౌరీశంకర్ గుమ్మానికి అల్లంత దూరాన నిలబడి, “ఏటనుకోకు నాగశ్రీ, మా ఇంట్లో ఇంతే” అన్నారు. ఆ పులుపు వాసనలో గోడవైపు తిరిగి ఏడ్చాను. ఏదో తప్పు చేసి పట్టుబడ్డట్టు సిగ్గేసింది. చదువుకున్నదాన్ని, జీతం తెచ్చేదాన్ని, నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయినందుకు ఇంకా సిగ్గేసింది. రెండో నెల ఏడవడానికి ఓపిక లేక లాప్‌టాప్ తెరిచాను. సాయంత్రానికి తలెత్తి చూస్తే, వారమంతా తెమలని పని ఒక్క పూటలో తెమిలిపోయి ఉంది. అప్పుడు తెలిసింది, ఈ ఇంట్లో నా పనికి అడ్డుపడేది పని కష్టం కాదని.

మిగతా రోజులు ఎలా ఉంటాయో చెప్తాను. నేను ఇంటి నుంచి పనిచేస్తాను. ఆఫీసు బెంగుళూరులో ఉంది, బల్ల మాత్రం మా పడగ్గదిలో ఉంది. “ఇంట్లోనే ఉంటావు కదా” అన్న మాట మా ఇంట్లో ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడుతుంది. ఇంట్లోనే ఉంటావు కదా, గ్యాస్ అబ్బాయి వస్తే చూడు. ఇంట్లోనే ఉంటావు కదా, తెరుబలి నుంచి మా స్నేహితుడు వస్తున్నాడు, మధ్యాహ్నం భోజనానికి ఉండమన్నాను. మీటింగులో ఉన్నానని చెప్తే మా ఆయన నవ్వేవారు. “మీటింగంటే ఏటి, నువ్వు మాటాడనప్పుడు సెవికి పెట్టుకుని పప్పు కలపలేవా?” ఆయన చెడ్డవారు కాదు. కొట్లో నలుగురు కేకలేస్తుంటే నోటితోనే బస్తాల లెక్క కట్టే మనిషి. బుర్రలో పని ఎవరికైనా అలాగే జరుగుతుందని ఆయన నమ్మకం.

నా పని అలా జరగదు. మాది కోడ్ దాచే సర్వర్. ఎన్నో కంపెనీల ఇంజినీర్లు రాసే కోడూ, అందులో ఎవరు ఏ మార్పు చేశారన్నదీ దాంట్లో ఉంటాయి. ఒక్కో మార్పుని కమిట్ అంటాం. ప్రతి కమిట్ తన ముందున్నది ఏదో చెప్పుకుంటుంది, దాన్ని తల్లి అంటాం. రెండు దారులు వచ్చి కలిసినచోట ఒక కమిట్‌కి ఇద్దరు తల్లులు ఉంటారు. ఈ మార్పు ఆ మార్పులోంచే వచ్చిందా అని ఎవరైనా అడిగితే సర్వర్ తల్లి దగ్గరికి, తల్లి తల్లి దగ్గరికి, అలా వెనక్కి నడుచుకుంటూ పోవాలి. పెద్ద సంస్థల కోడ్‌లో అది లక్షల అడుగుల నడక. అందుకని ఎవరికి ఎవరు తల్లి, ఎవరిది ఎన్నో తరం అన్నది ముందే ఒక ఫైల్లో రాసి పెడతాం. చిన్న తరం అంకె ఉన్నది పెద్ద తరం అంకె ఉన్నదాని కడుపున పుట్టలేదు కదా, అక్కడితో వెతకడం ఆపేయవచ్చు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, కొత్త కమిట్లు ఎడతెరిపి లేకుండా వస్తుంటాయి, వచ్చినప్పుడల్లా ఆ ఫైలంతా మొదటి నుంచి తిరగరాయడంతోనే సర్వర్‌కి తెల్లారిపోతోంది. దీన్ని బాగు చెయ్యమని నాకు ఇచ్చారు. ఈ తల్లులూ పిల్లలూ అంతా ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడితే తప్ప దారి దొరకదు. నిలబెడుతూ ఉండగా కుక్కర్ కూస్తుంది. లేచి వెళ్ళి వచ్చేసరికి అన్నీ చెదిరిపోయి ఉంటాయి.

దారి ఆ చింతపండు గదిలోనే దొరికింది. పాత ఫైలు జోలికే పోకూడదు. కొత్తగా వచ్చినవాటికి చిన్న ఫైలు రాసి దానిమీద పొరలా పెట్టాలి. పైపొర కింది పొరతో సమానంగా ఎదిగినప్పుడు ఆ రెంటినే కలపాలి, అడుగున ఉన్న పెద్దదాన్ని కదపకూడదు. అనుకున్నాక ఇంతేనా అనిపిస్తుంది. అనుకోవడానికి నాకు మూడు నెలలూ, నెలకి మూడు రోజులూ పట్టాయి. ముట్టు తగ్గిపోతుంటే దిగులుపడిన ఆడది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా టీమ్ చూసే ధనుంజయకి డిజైన్ నచ్చింది. “గురువారం పెద్దవాళ్ళ రివ్యూ. మీరే చెప్పండి. మీరు రాలేకపోతే నేను చెప్తాను గానీ, అప్పుడు పని ఇక్కడి బెంగుళూరు టీమ్‌కి పోతుంది. తర్వాత నన్ను అనొద్దు” అన్నాడు. ఉన్నమాటే అన్నాడు. నా చేతులమీదుగా పుట్టినదాన్ని వేరేవాళ్ళు పెంచుతుంటే, వాళ్ళు పిలిచినప్పుడు నేను వెళ్ళి తుడుస్తూ కూర్చోవాలి, అంతే తేడా.

గురువారం మా మావయ్య తద్దినం.

“ఒక్కరోజు సెలవు పెట్టలేవా?” అన్నారు మా ఆయన. ఈ ఒక్క రోజే కుదరదని చెప్పాను. “నాన్న తద్దినం కన్నా ఎక్కువా నీ మీటింగు?” అన్నారు. కోడలు మడి కట్టుకుని వండాలి. అత్తయ్య మోకాళ్ళు వాచి ఉన్నాయి. మావయ్య చెల్లెలు బుల్లి అత్త బంధుగాం నుంచి ముందు రోజే దిగింది. ఆవిడ కూర్చుని తప్పులు పడుతుంది గానీ పొయ్యి దగ్గరికి రాదు. పొద్దున్నే తలస్నానం చేసి మడి చీర కట్టుకుని, తడిజుట్టుతో నేల మీద కూర్చుని, నేను రాలేను మీరే చెప్పండి అని ధనుంజయకి మెసేజ్ కొడుతున్నాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అప్పుడు హాల్లోంచి వినిపించింది. “అమ్మి బయట చేరింది. వంట నాను సూసుకుంటాను.”

నేను ఏమీ చేరలేదు. పది రోజుల కిందటే అయింది. అది అందరికన్నా బాగా తెలిసింది మా అత్తయ్యకే, చాప ఉతికి ఆరేసింది ఆవిడే. లేచి గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ ఎదురొచ్చి, నా మొహం చూడకుండా, ముట్టుకోకుండా, గొంతు తగ్గించి, “ఎల్లు. నీ కంప్యూటర్ పెట్టి పట్టుకుని ఎల్లు. తద్దినం బేమ్మడు పోయేదాకా కనపడకు” అంది.

వెళ్ళాను. మడి చీర విప్పలేదు కూడా. బస్తాల మధ్య కూర్చుని, గోడ అవతల గిన్నెల చప్పుడు వింటూ, ఎప్పుడూ చూడని పెద్దవాళ్ళకి నా పొరల సంగతి చెప్పాను. ఒకాయన అడిగాడు, మీరు పొరలు కలుపుతున్న సమయంలోనే ఇంకెవరో పాత ఫైలు చదువుతుంటే వాళ్ళ గతేమిటని. కొత్తది పూర్తయ్యాకే దాని పేరు జాబితాలోకి ఎక్కుతుంది, చదివేవాళ్ళు లేచి వెళ్ళేదాకా పాతదాన్ని తీసెయ్యం అని చెప్పాను. ఇంకా అడిగారు. అన్నిటికీ జవాబు నా దగ్గర ఉంది, ఎందుకంటే అన్నీ ఆ గదిలో కూర్చుని నన్ను నేను అడుక్కున్నవే. చివర్లో ధనుంజయ, “ఇది నాగశ్రీ చేతిలోనే ఉంటుంది, ఇద్దరు ఇంజినీర్లని ఆవిడకి ఇస్తున్నాం” అన్నాడు. థాంక్యూ అన్నాను.

మీటింగు అయిపోయాక అవతలి మాటలు తేటగా వినబడ్డాయి. “పోయినసారి నానొచ్చినప్పుడూ బయటే కదే వదినా. పక్షం తిరక్కుండా మళ్ళీ ఏటి? ఏ రోగమో సూపించు” అంటోంది బుల్లి అత్త. “దానికి అలాగే వస్తంది, ఒగ్గీ” అంది అత్తయ్య. “మా అన్నయ్యకి కోడలి సేతి ముద్ద లేకుండా సేసేరు” అందావిడ. గారెలు నూనెలో పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ కాళ్ళతో పొద్దున్నుంచీ నిలబడే ఉంది.

అందరూ వెళ్ళాక ఎండ వాలుతుండగా నాకు కంచం పట్టుకొచ్చింది. గుమ్మం దగ్గర పెట్టబోతుంటే చేతులు పట్టుకుని లోపలికి లాక్కొచ్చి బస్తా మీద కూర్చోబెట్టాను. “ఎందుకిలా చేశారత్తయ్యా? మావయ్య తద్దినంలో అబద్ధమా? ఆయనకి కోపం రాదా?”

“రానీ. బతికున్నప్పుడు మాత్రం రాలేదేటి” అంది, కాలు చాపుకుంటూ. తర్వాత నెమ్మదిగా, “ఈ గదిలో ఉన్న మూడ్రోజులే నీ మొకం కడిగినట్టుంటాది. నాను సూడననుకున్నావా? మా అత్త ఉన్నప్పుడు నానూ ఈ గదిలోనే కదమ్మి. ఎవులూ పిలిసేవోరు కాదు. కిటికీలోంచి పెరటి గోడ మీద సీమల్ని సూసుకుంటూ కూకునేదాన్ని. అంతే. అదే సుకం” అంది. మోకాలు రాసుకుంది. “ముట్టు ఆగిపోయి పదమూడేళ్ళు. మరింక కూకోలేదు.”

బాధ ఆగిపోయిందని సంతోషించాల్సిన చోట, ఉన్న ఒక్క విశ్రాంతీ పోయిందన్న దిగులు దాచుకున్న మనిషి. ఆ పోయినదాన్ని, అబద్ధమాడి, మొగుడి తద్దినం రోజున, నాకు తీసి ఇచ్చింది. మా అమ్మకి ఋణపడి ఉన్నానని నాకు ఎప్పుడూ అనిపించేది. ఆ సాయంత్రం ఆ బస్తా పక్కన నేల మీద కూర్చుని అత్తయ్య మోకాళ్ళకి నూనె రాస్తూ, ఇంకో అమ్మకీ ఋణపడ్డాననుకున్నాను.

మొన్న సోమవారం పొద్దున నాకు నిజంగానే అయింది. అత్తయ్య చాప దులపబోతే, చాప తీసుకుని గదిలో పరిచాను, దిండు వేశాను, ఫ్యాను తిప్పాను. “మీరు వెళ్ళండి” అన్నాను. ఆవిడ అర్థం కానట్టు చూసింది. “నెలకి మూడు రోజులు మీవి. పిలిస్తే పలకొద్దు.” ఒద్దంది, ఏటిది అంది, నవ్వింది, చివరికి వెళ్ళింది. నేను లాప్‌టాప్ తెచ్చి హాల్లో భోజనాల బల్ల మీద పెట్టుకున్నాను.

మా ఆయన స్నానం చేసి వచ్చి, “అమ్మేదీ?” అన్నారు.

“గదిలో. ఈ నెల ముట్టు నాది, గది అత్తయ్యది.”

తువ్వాలు కుర్చీ మీద వేశారు. “మరి వంట?”

“నాకు పదకొండింటికి మీటింగు. దాని తర్వాత నేను వండుతాను, నా చేత్తో, ఈ రోజే. తినగలిగితే ఆగండి. లేకపోతే వంటిల్లు అదిగో.”

వంటింట్లోకి వెళ్ళారు. డబ్బాలు తీస్తున్నట్టు, మూతలు పెడుతున్నట్టు చప్పుడయింది. “అమ్మా, కందిపప్పు ఎందులో ఉంది?” అని పిలిచారు. కొంచెం ఆగి, “అమ్మా” అని మళ్ళీ పిలిచారు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈ ఇంట్లో ఆ పిలుపుకి జవాబు రాకపోవడం నేను ఎన్నడూ ఎరగను. పడిపోయిందేమోనని పరిగెత్తి తలుపు తీశాను.

మా అత్తయ్య గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా వైపు తిరిగి, పలకనన్నట్టు తల అడ్డంగా ఊపింది.