బ్రేకులు లేని బండి

"రేపు నువ్వు గూడ రావాలె. బండి చక్రాల కింద నిమ్మకాయలు ఇంటి ఆడమనిషి పెడితేనే మంచిదట" అన్నాడు మా ఆయన, జైపాల్ బావ. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. ఆయన గడపలో నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో హుషారు వినిపించింది. రామగిరి దగ్గరి ఒక పల్లెలో రాజం అనే అతను పాత ట్రాక్టరు అమ్ముతున్నాడట. కొనకముందే నిమ్మకాయలేమిటని అడగాలనుకున్నాను. "సరే" అన్నాను.

ఆయనకు కావాల్సింది నా చేతి నిమ్మకాయలు కాదు, నా సంతకం. ఉద్యోగం నాది కాబట్టి లోను నా పేరు మీదే రావాలి. ఆ మాట మాత్రం ఆయన నోటి వెంట రాదు. "మనం తీసుకుంటున్నం" అంటాడు. మొన్న "ఆలోచించు, నీ ఇష్టమే" అని కూడా అన్నాడు. మా ఇంట్లో నా ఇష్టం అనే మాట అంతా నిర్ణయమైపోయాకే వినిపిస్తుంది. అప్పటికే మా అత్త కనకవ్వ ఊరంతా చెప్పేసింది. పత్తి ఏరడానికి ఆడవాళ్ల గుంపును తీసుకెళ్లే మల్లక్క కూడా వాళ్లకు మాటిచ్చేసింది, ఈసారి మన జైపాలు బండిలోనే పోదామని. ట్రాలీ నిండా ఆడవాళ్లు, ముందు సీట్లో మా బావ. ఆ బొమ్మ కళ్ల ముందు మెదులుతూనే ఉంది. నాకు భయం. ఇంకేదో పేరు పెట్టి ఎందుకు దాచడం, ఒట్టి భయం.

మా సెంటినరీ కాలనీలో అన్‌ఫిట్ అనేది జబ్బు పేరు కాదు. శుభవార్త. బొగ్గు గనిలో పనిచేసే మనిషిని డాక్టర్లు పనికి పనికిరాడని తేలిస్తే ఆ ఉద్యోగం ఇంట్లో ఇంకొకరికి వస్తుంది కదా, అందుకని. బావ అన్‌ఫిట్ అయిన రోజు పక్క క్వార్టర్ల వాళ్లు "దావత్ ఎప్పుడు?" అని అడిగారు. స్వీటు డబ్బాలు పంచాం. ఉద్యోగం నాకొస్తుందని తెలిసి "అదృష్టవంతురాలివి" అన్నారు. ఏ జబ్బు వల్ల అన్‌ఫిట్ అయ్యాడని ఒక్కరూ అడగలేదు. అడక్కపోయేసరికి మేమూ చెప్పలేదు. చెప్పక చెప్పక ఇంట్లో అందరం మరిచిపోయాం. చివరికి ఆ జబ్బున్న మనిషి కూడా మరిచిపోయాడు. అత్త మాత్రం ఒక్కటే గుర్తుపెట్టుకుంది. "నా కొడుకు నోటికాడి ముద్ద తీసి నీకు పెట్టిండు, యాది పెట్టుకో" అంటుంది నేను డ్యూటీకి చెప్పులు వేసుకునే ప్రతిసారీ.

పెద్ద దవాఖానలో కళ్ల డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి నా కంటికి పెట్టాడు. "మీ ఆయనకు ఇట్లా కనిపిస్తుందమ్మా. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కనున్నది కనపడదు. పోనుపోను ఈ గొట్టం ఇంకా సన్నబడుతుంది" అన్నాడు. ఆ గొట్టంలోంచి నాకు డాక్టరు ముక్కు కనిపించింది, పక్కన కూర్చున్న బావ కనిపించలేదు. బావ పేపరు చదువుతాడు, టీవీ చూస్తాడు, సూదిలో దారం ఎక్కిస్తాడు. అలాంటి మనిషికి కళ్లు కనపడవంటే ఎవరు నమ్ముతారు? నడుస్తుంటే బకెట్టును తన్నేస్తాడు. అప్పుడు తప్పు బకెట్టుది, కాదంటే నాది. "దారిల పెట్టినవేంది? అక్కల్ లేదా?" అంటాడు. అందుకే నేను బకెట్టు దారిలో పెట్టను. తలుపు సగం తెరిచి వదలను. కంచం ముందు గ్లాసు ఎక్కడ కనపడుతుందో అక్కడే పెడతాను. బజారులో ఎటువైపు బండ్లు వస్తుంటే అటువైపు నేను నడుస్తాను. ఎవరైనా పక్కనుంచి పలకరిస్తే "అరె, రాజిరెడ్డన్న!" అని నేనే ముందు పేరు పెట్టి పిలుస్తాను, ఆయన అటు తిరగడానికి. ఈ పనికి షిఫ్టు లేదు, ఆదివారం సెలవు లేదు. అసలిది పని అని ఎవరికీ తెలియదు, తెలియకుండా చేయడమే ఇందులో పనితనం.

గని మీద ల్యాంప్ రూమ్‌లో నా డ్యూటీ. కిందికి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇస్తాను, పైకొచ్చాక తీసుకొని చార్జింగుకు పెడతాను. చేరి ఇన్నాళ్లయినా నా పేరు సగం మందికి తెలియదు. "జైపాల్ పెండ్లామా, జల్ది ఇయ్యమ్మా" అంటారు. "నీకేంది, కూసున్న నౌకరి" అంటాడు క్లర్కు. నా పేరు పెట్టి పిలిచేది నాతోపాటు పనిచేసే సుజిత ఒక్కతే. ఆరోజు టిఫిన్ బాక్సు విప్పుకుంటూ ఆమెకు మాత్రం ట్రాక్టరు సంగతి చెప్పాను.

"వద్దని చెప్పరాదు, శోభా?"

"ఎట్ల చెప్పాలె?"

"ఎట్ల అంటే? నీకు కనవడది, నడపకు అని. గంతే."

గంతేనట. బావ కొట్టడు. కొట్టనందుకే నేను అదృష్టవంతురాలినని లోకం లెక్క. కొట్టని మగవాడికి కోపమొస్తే ఇల్లు ఎట్లా ఉంటుందో లోకానికి ఎలా తెలుస్తుంది! అన్నం ముట్టడు. నేనొక మనిషిని అక్కడ ఉన్నట్టే చూడడు. అత్త గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ వినపడేలా ఏడుస్తుంది. అది ఒక భయం. దానికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. ఒకప్పుడు ఈ మనిషి భూమి లోపల కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టినవాడు. ఇప్పుడు పొద్దస్తమానం క్వార్టరు ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాడు. "బొగ్గు బాయిల దిగినోన్ని, ఆడిదాని జీతం మీద బతుకుతున్న" అని తాగినప్పుడు ఒకసారి ఏడ్చాడు. ట్రాక్టరు మాట వచ్చిన దగ్గర్నుంచి గడ్డం గీసుకుంటున్నాడు, చొక్కా ఇస్త్రీ చేయించుకుంటున్నాడు. నీకు చూపు లేదని నేను అంటే ఆ కుర్చీలోంచి మళ్లీ లేస్తాడా? అనకపోతే ఎవరు చస్తారు? ఈ రెండు ప్రశ్నల మధ్య నా నిద్ర, నా ఆకలి రెండూ పోయాయి.

మరునాడు ఆటోలో వెళ్లాం, మల్లక్క కూడా వచ్చింది. రాజం ఇంటి ముందు వాకిట్లో ఉంది బండి. కొత్తగా పచ్చరంగు కొట్టారు, లోపలి తుప్పు అక్కడక్కడ ఉబ్బి కనిపిస్తోంది. ముందు రాసి ఉన్న కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. మల్లక్క కూడా వినలేదట, పొలాలన్నీ తిరిగే మనిషి. సెల్ఫు పనిచేయదు, తోస్తే స్టార్టవుతుంది. క్లచ్చు ప్లేట్లు మార్చాలి. ఇంజను కింద నూనె మరక చాప అంత పరుచుకుంది.

"దీని సామాను యాడ దొరుకుతది?" అని అడిగాను.

"వేరే బండ్ల సామాను తెచ్చి అటిటు చేస్తే పడుతది వదినా. కుడి బ్రేకు గూడ జర వీక్ ఉన్నది. నేను దాచి అమ్మెటోన్ని కాదు" అన్నాడు రాజం. మనిషి మర్యాదస్తుడే.

"నీకెందుకు అయన్ని? నువ్వు నిమ్మకాయలు పెట్టు" అన్నాడు బావ, నవ్వుతూనే. సంచీలోంచి నిమ్మకాయలు తీసి ముందు చక్రాల కింద పెట్టాను. పసుపు కుంకుమ ఉన్న పళ్లెం పట్టుకొని కుడివైపు గోడ దగ్గరికి జరిగాను. రాజం, పక్కింటి వాళ్లు తోశారు, బండి దగ్గుతూ అందుకుంది. బావ స్టీరింగు పట్టుకొని నిటారుగా కూర్చున్నాడు. ఆ ముఖంలో ఎంత సంతోషం! పెళ్లి ఊరేగింపులో కూడా అంత సంతోషం చూడలేదు నేను. నిమ్మకాయలు నలిగాయి. తిన్నగా రోడ్డు మీదికి పోవాల్సిన బండి ఒక్కసారిగా కుడికి తిరిగింది, నేను నిలబడ్డ వైపు.

వెనక గోడ. ముందు చక్రం. "బావా!" అని అరిచాను, ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. ఆయన ఎదురుగా ఎక్కడో చూస్తున్నాడు, నవ్వుతున్నాడు. మల్లక్క నా రెక్క పట్టి గుంజింది. పళ్లెం చేతిలోంచి జారి పెద్ద చక్రం కింద పడి అప్పడంలా అయింది. బండి పోయి ఇటుకల కుప్పకు గుద్దుకొని ఆగిపోయింది.

"బ్రేకు పడలె!" అన్నాడు బావ దిగుతూ.

"చెప్పిన గదన్నా, వీక్ ఉన్నదని" అన్నాడు రాజం, తప్పు చేసినవాడిలా.

"గీ బ్రేకులేంది రాజం, పానాలు తీసెటట్టున్నయ్" అని మల్లక్క కసిరింది.

అందరూ బ్రేకును తిట్టారు. నేను మాత్రం చూశాను. గోడకు ఆనుకొని నిలబడ్డప్పుడు నా కళ్లకు సమంగా ఉంది ఆయన కుడికాలు. బ్రేకు పక్కన, రేకు మీద, హాయిగా ఆనించి ఉంది. ఆయన బ్రేకు తొక్కనే లేదు. ఎందుకు తొక్కుతాడు? ఆయన చూపుకు అక్కడ గోడా లేదు, నేనూ లేను.

నోటిదాకా వచ్చింది. అందరూ నావైపే చూస్తున్నారు. "బ్రేకులు మంచిగ లేవు. ఇప్పుడే వద్దు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! బావ ముఖం తేటపడింది. రాజం వచ్చేవారం కొత్త బ్రేకులు వేయిస్తానన్నాడు. నా భయానికి ఒక వారం గడువు దొరికింది, ఆటోలో కూర్చుని దానికే సంబరపడ్డాను. ఇంత పిరికిదాన్ని నేను.

ఇంటికొచ్చేసరికి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయి కిటికీలు గలగలమంటున్నాయి. అత్త గుమ్మంలోనే కూర్చుంది. "ఏమైంది బిడ్డా, తెచ్చుకుంటున్నమా?"

"బండి మంచిదే అవ్వా. బ్రేకులే జర తేడ. బేరం నేనే ఆపిన. రాజం బాగుచేయిస్తడు, వచ్చేవారం తెచ్చుకుంటం" అన్నాడు బావ కుర్చీలో కూర్చుంటూ.

"నువ్వు పోయినవ్ గాబట్టి సరిపోయింది. దీనికేం తెలుసు, ఎట్లున్నా తీసుకొస్తుండె" అని అత్త నావైపు చెయ్యి ఊపింది.

నేనే ఆపిన! ఆ మాట ఆయన మామూలుగా, నిజంలా అనేశాడు. నాకు కోపం రావాలి. కానీ లెక్కలు వేసుకున్నాను. ఇప్పుడు నోరు మూసుకుంటే అందరికీ మంచిదే. ఆయన పరువు దక్కుతుంది, అత్త ఏడవదు, నాకు అన్నం దిగుతుంది. ఒక్క వారం. ఆ తర్వాత బ్రేకులు బాగవుతాయి. ఇది కాకపోతే ఇంకొకటి, దానికి మంచి పేరున్న కంపెనీ, మంచి బ్రేకులు ఉంటాయి, నా దగ్గర చెప్పడానికి ఏ సాకూ ఉండదు. చాయ్ తాగుతూ మల్లక్క అంటోంది: "మా ఆడోళ్లకు చెప్పిన తమ్మీ. పత్తి మొదలైతే నీ బండే. శాంత అయితే చంటిదాన్ని గూడ ఎత్తుకొస్తనంటున్నది."

"రానియ్యక్కా, ఎంతమందైనా" అన్నాడు బావ.

"బ్రేకు మంచిగనే ఉన్నది బావా" అన్నాను.

నా గొంతు వణికింది. గట్టిగానే వణికింది, అందరికీ వినపడేలా. మల్లక్క గ్లాసు దించింది.

"నువ్వు తొక్కలె. నేను నీ కాలు సూసిన. రేకు మీదనే ఉన్నది. నేను నీకు కనవడలె."

"ఏం మాటలే అవి! మొగన్ని గుడ్డోడంటవా, వాని నౌకరి తింటా?" అత్త లేచి నిలబడింది. ఆ తర్వాత ఇంకేమేమో అంది. నేను బావనే చూస్తున్నాను. ఇప్పుడు గ్లాసు విసిరేస్తాడు. ఇప్పుడు లేచి బయటికి వెళ్లిపోతాడు. ఇక ఈ జన్మలో నాతో మాట్లాడడు. ఆయన అదేమీ చేయలేదు. తల మెల్లగా నావైపు తిప్పాడు, ఆ సన్నటి గొట్టంలోకి నేను వచ్చేదాకా. ముఖంలో రంగు లేదు. దావత్ అడిగిన కాలనీలో మొదటిసారి నా మొగుడు రోగిలా కనిపించాడు.

"నువ్వప్పుడు ఏడ నిల్చున్నవ్?" అని అడిగాడు.

"నీ పక్కకే" అన్నాను. "నేను సంతకం పెట్టను, బావా."